బోటు స్పీడందుకోగానే లోతు చూపించడం మానేస్తోంది, ఏం చేయాలి?

మాది కాకినాడ. నాన్న ఫైబర్ బోటుకి పోయిన నెల ఎకో సౌండర్ (నీళ్లలోకి శబ్దం పంపి లోతు చూపించే పరికరం) పెట్టాను. ఆగి ఉన్నప్పుడు బాగానే చూపిస్తోంది, తాడుకి సీసం గుండు కట్టి బారల్లో కొలిస్తే లెక్క కలిసింది కూడా, కానీ ఇంజన్ వేగం పెంచగానే స్క్రీన్ మీద నేల గీత తెగిపోయి అంకె ఆరుతూ వెలుగుతూ ఉంటుంది. ట్రాన్స్‌డ్యూసర్ని, అంటే శబ్దం పంపి తిరిగి అందుకునే ముక్కని, బోటు వెనక, ఇంజన్ ఫ్యాన్‌కి (ప్రొపెల్లర్‌కి) జానెడు దూరంలో బిగించాను. బుడగల వల్లేనా? కిందికి దించాలా, పక్కకి జరపాలా? లోపలే అడుగున, ఫోమ్ లేని చోట ఎపాక్సీ జిగురుతో అంటిస్తే ఫైబర్ గుండా సిగ్నల్ పోతుందంటున్నారు, ఎవరైనా చేశారా?

ఇంకోటి, బోటు ఉప్పుటేరులోనే కట్టేస్తాం కాబట్టి ట్రాన్స్‌డ్యూసర్ మొహం మీద అప్పుడే నాచు, చిన్న గుల్లలు పట్టాయి. గీకితే పాడవుతుందేమోనని టెన్షన్. మెత్తటి గుడ్డతో తుడిస్తే చాలా? చీకట్లో తిరిగొచ్చేటప్పుడు నాన్నకి ఇసుక మేటలు తెలియాలనే కొన్నాను, తెలిసినవాళ్లు దయచేసి చెప్పండి.