పాత రోవర్లు ఇప్పుడే అమ్మేయాలా? సర్వే పనిలో ఉన్నవాళ్లు చెప్పండి

నమస్కారమండీ. విశాఖలో మాది చిన్న సర్వే ఆఫీసు. మధురవాడ, ఆనందపురం వైపు లేఅవుట్లు కొలుస్తాం. పని లేనప్పుడు జీఎన్‌ఎస్‌ఎస్ సెట్లు (ఉపగ్రహ సిగ్నళ్లతో స్థలం కొలిచే రిసీవర్లు; ఒకచోట నిలిపే బేస్, చేత్తో తిప్పే రోవర్ కలిపి ఒక జత) అద్దెకిస్తాం. టెన్షనంతా ఆ అద్దెల దగ్గరే.

ఒకప్పుడు ట్రింబుల్, లైకా సెట్ కొనాలంటే కారు కొన్నంత ఖర్చు. 2018లో యూబ్లాక్స్ ఎఫ్9 చిప్ ప్రకటించాక సెంటీమీటర్ కచ్చితత్వం చవక బోర్డుల్లోకి దిగింది. చైనా కంపెనీలు పోటీపడి ధరలు ఇంకా దించాయి. పైగా కార్స్ నెట్‌వర్క్ (శాశ్వత బేస్ స్టేషన్ల వ్యవస్థ) నుంచి ఇంటర్నెట్‌లో వచ్చే కరెక్షన్లు, ఫోన్ సిగ్నల్ దొరికేచోట సొంత బేస్ పెట్టుకోవాల్సిన పనే లేదు. మా జతలో సగం మూలకే పోయింది! అద్దె అడగడానికి వచ్చినవాళ్లు బేరం కూడా ఆడట్లేదు, "ఇంకొంచెం వేసుకుంటే కొత్తదే వస్తుంది కదా" అని వెళ్లిపోతున్నారు. వాళ్ల లెక్కా తప్పు కాదు.

మా సెట్లు అమెరికా జీపీఎస్, రష్యా గ్లోనాస్ ఉపగ్రహాలను మాత్రమే పట్టుకుంటాయి. సింహాచలం కొండ పక్కన, చెట్ల కింద ఫిక్స్ (సెంటీమీటర్ కచ్చితత్వంతో స్థానం తేలడం) రావడానికి చాలాసేపు పడుతుంది. యూరప్ గెలీలియో, చైనా బైడూ కూడా పట్టే కొత్తవాటితో అక్కడ నిజంగా తేడా కనిపించిందా?

చవక సెట్లు వాడినవాళ్లు ముఖ్యంగా రిపేర్ల సంగతి చెప్పండి. బోర్డు పోతే ఇక్కడెవరైనా బాగుచేస్తారా, చైనాకే పంపాలా? సముద్రపు గాలికి కనెక్టర్లు ఎన్నాళ్లు నిలుస్తున్నాయి? పాతవి ఎక్స్చేంజ్‌లో తీసుకునే డీలర్లున్నారా, లేక విడిగా అమ్ముకోవడమే నయమా?