డేటాబేస్ పరీక్షల్లో కనిపించే తేడా కంపైలరుదేనా?

పంటకాలువ (భీమవరం):

రొయ్యల చెరువుల మేత వాడకం, నీటి పరీక్షల వివరాలు మా సంస్థలో పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్‌లో ఉంటాయి. ఈ మధ్య కొత్త సర్వరు వచ్చినప్పుడు పోస్ట్‌గ్రెస్ సోర్సును ఒకసారి జీసీసీ కంపైలరుతోను, మరొకసారి క్లాంగ్ కంపైలరుతోను బిల్డ్ చేసి (అంటే మెషీన్ కోడ్‌గా మార్చి), రెండింటినీ పీజీబెంచ్ అనే పోస్ట్‌గ్రెస్ వేగపరీక్ష సాధనంతో పరీక్షించాను. క్లాంగ్ బిల్డే ప్రతిసారీ ముందు నిలిచింది. అందువల్ల, ముందే బిల్డ్ చేసి ఉన్న ప్యాకేజీని ఉన్నదున్నట్టు దించుకొని వాడటం అశ్రద్ధ అని, మంచి కంపైలరును ఎంచుకొని ఓ3 స్థాయిలో (కోడ్‌ను వేగం కోసం ఎక్కువగా మెరుగుపరిచే స్థాయి) సొంతంగా బిల్డ్ చేసుకోవడమే సరైన పద్ధతి అని నా అభిప్రాయం. కాదనేవారు కారణం చూపగలరు.

కోటిపల్లి రేవు (అమలాపురం):

పంటకాలువ గారూ, పీజీబెంచ్‌ను ఏ ఆప్షన్లతో నడిపారో మీరు చెప్పలేదు. ఏమీ ఇవ్వకపోతే అది ఒక్కో లావాదేవీలో మూడు అప్‌డేట్లు, ఒక సెలెక్టు, ఒక ఇన్సర్టు చేసి కమిట్ చేస్తుంది, అంటే మార్పులను ఖాయం చేస్తుంది. కమిట్ అయిందని జవాబు రావాలంటే మార్పుల చిట్టా (లాగ్) డిస్కు మీదికి చేరేవరకు ఆగవలసిందే. నిమిషానికి 7,200 చుట్లు తిరిగే హార్డుడిస్కు సెకనుకు తిరిగేది 120 చుట్లే గనుక, దాని మీద ఒక్క క్లయింటు సెకనుకు సుమారు 120 కమిట్లు దాటడం కష్టం. అంతసేపూ ప్రాసెసరు ఎదురుచూస్తూ కూర్చుంటుంది; ఏ కంపైలరు అయినా ఎదురుచూపును వేగంగా చేయించలేదు.

మరొకటి: స్కేలును, అంటే పరీక్ష డేటా పరిమాణాన్ని, 1 గా వదిలేస్తే బ్రాంచిల టేబుల్‌లో ఉండేది ఒకే ఒక్క వరుస. ఎంతమంది క్లయింట్లను పెట్టినా అందరూ ఆ వరుస లాక్ కోసమే క్యూ కడతారు. మా రేవులో పంటు ఒక్కటే ఉన్న రోజున ఒడ్డుదాకా ఎంత జోరుగా బండి తోలుకొచ్చినా దిగి నిలబడక తప్పదు, ఇదీ అంతే.

పంటకాలువ (భీమవరం):

నాది హార్డుడిస్కు కాదు, ఎస్ఎస్‌డీ. స్కేలు 100, అంటే ఖాతాల టేబుల్‌లో కోటి వరుసలు. పైగా చదివే ప్రశ్నలు మాత్రమే ఉండే ఆప్షన్‌తో నడిపాను, డేటా అంతా మెమరీలోనే ఇమిడింది. కాబట్టి రేవు గారి అభ్యంతరం నా పరీక్షకు వర్తించదు.

డెల్టా శివారు (రాజోలు):

వర్తించకపోవడం నిజమే గాని, ఆ పరీక్షతోనూ మీ వాదన పూర్తిగా నిలవదు. అందులోని ప్రతి ప్రశ్నా ఒక వరుసను వెతికి తెచ్చే చిన్న పని. అంత చిన్న పనిలో సమయం చాలావరకు ప్రశ్నను విడదీసి ప్లాను వేయడానికి, క్లయింటుకూ సర్వరుకూ మధ్య సందేశాలు తిప్పడానికి ఖర్చవుతుంది. ఆ సందేశాల పనిలో పెద్ద భాగం ఆపరేటింగ్ సిస్టమ్ కెర్నలుది, దానిని మీరు కంపైల్ చేయలేదు.

కంపైలరు ప్రభావం చూడాలంటే లక్షల వరుసలను వడపోసి కూడే ప్రశ్నలు పెట్టాలి. 2017లో వచ్చిన పోస్ట్‌గ్రెస్ 10 నుంచి, వరుసవరుసకూ లెక్కలు కట్టే భాగంలో ‘కంప్యూటెడ్ గోటో’ అనే పద్ధతి ఉంది; తరువాత చేయవలసిన పని ఉన్న చోటికి కోడ్ నేరుగా దూకుతుంది. జీసీసీ, క్లాంగ్ రెండూ దానిని అంగీకరిస్తాయి. మైక్రోసాఫ్ట్ కంపైలరులో ఆ సౌకర్యం లేనందున అదే కోడ్ అక్కడ మామూలు స్విచ్‌గా మారుతుంది. ఒకే సోర్సు, రెండు రకాల మెషీన్ కోడ్.

ఇదే పద్ధతి విషయంలో పైథాన్ ప్రోగ్రామింగ్ భాష వారికి తగిలిన దెబ్బ మనకూ పాఠమే. పైథాన్ 3.14 కోసం రాసిన కొత్త ఇంటర్‌ప్రెటరు (పైథాన్ కోడ్‌ను నడిపే ప్రోగ్రాము) సగటున 9 నుంచి 15 శాతం వేగంగా ఉందని 2025లో మొదట ప్రకటించారు. ఆ తరువాత తేలింది ఏమిటంటే, క్లాంగ్‌కు ఆధారమైన ఎల్ఎల్‌వీఎం 19లోని ఒక లోపం వల్ల పాత ఇంటర్‌ప్రెటరులోని కంప్యూటెడ్ గోటో కోడ్ పాడై నెమ్మదించింది. కొత్తది గొప్పగా కనిపించడానికి అదే ప్రధాన కారణం. అంచనాను 3 నుంచి 5 శాతానికి దించుకున్నారు. కాబట్టి పంటకాలువ గారూ, మీ క్లాంగ్, జీసీసీ వెర్షన్లు చెప్పనిదే ‘క్లాంగ్ మేలు’ అన్న మాటకు అర్థం లేదు. జీసీసీ 12కు ముందు ఓ2 స్థాయిలో వెక్టరైజేషన్ (ఒకే ఆదేశంతో అనేక విలువల మీద లెక్క చేయించడం) ఉండేది కాదు, క్లాంగ్‌లో ఉండేది. పాత జీసీసీతో పోలిస్తే మీరు పోల్చినది కంపైలర్లను కాదు, వాటి డిఫాల్టులను.

అన్నట్టు, మీ రెండు బిల్డుల్లోనూ ఎల్ఎల్‌వీఎం ఆప్షన్ ఇచ్చారా? పోస్ట్‌గ్రెస్ 12లో జిట్ (ప్రశ్న నడిచేటప్పుడే దానికి మెషీన్ కోడ్ తయారుచేసే సౌకర్యం) డిఫాల్టుగా ఆన్ అయింది గాని, ఆ ఆప్షన్‌తో బిల్డ్ చేస్తేనే పనిచేస్తుంది. ఒకదానిలో ఉండి రెండవదానిలో లేకపోతే పోలికే లేదు.

గట్టు (పాలకొల్లు):

అందరూ కంపైలరును తక్కువ చేస్తున్నట్టుంది. ఎస్‌క్యూలైట్ అనే డేటాబేస్ వారు తమ సి ఫైళ్లన్నీ ఒకే ఫైలుగా కలిపి ఇవ్వడం వల్లనే కోడ్ 5 నుంచి 10 శాతం వేగంగా వస్తుందని రాసుకున్నారు. కంపైలరుకు మొత్తం కోడ్ ఒకేసారి కనిపించడమే దానికి కారణం. క్లిక్‌హౌస్ అనే డేటాబేస్ అయితే క్లాంగ్‌తో తప్ప బిల్డ్ చేయనివ్వదు. ఇవి ఊరికే చేసినవా?

డెల్టా శివారు (రాజోలు):

గట్టు గారూ, తక్కువ చేయడం లేదు. ఆ 5, 10 శాతాన్ని కొలవడం ఎంత కష్టమో చెబుతున్నాను. కోడ్ మార్చకుండా కేవలం కోడ్ ముక్కలను కలిపే (లింక్ చేసే) వరుస మార్చినా, ప్రోగ్రాముకు సిస్టమ్ అందించే ఎన్విరాన్‌మెంట్ వేరియబుళ్ల పరిమాణం మార్చినా ఫలితం గణనీయంగా కదులుతుందని 2009లోనే పరిశోధకులు చూపించారు. మా ఇంట్లో అంతకన్నా నాటు అనుభవం: మే నెల మధ్యాహ్నం, ఏసీ లేని గదిలో రెండు బిల్డులను ఒకదాని తరువాత ఒకటి నడిపితే రెండవది ఓడింది. వరుస తిరగేసి నడిపితే మొదట ఓడినదే గెలిచింది. ల్యాప్‌టాప్ అడుగున చెయ్యి పెడితే కాలింది. వేడెక్కిన ప్రాసెసరు తన వేగం తానే తగ్గించుకుంటోంది. మీరు ‘ప్రతిసారీ’ అన్నది అదే వరుసలోనా, తిరగేసి కూడానా?

పంటకాలువ (భీమవరం):

నిజం చెప్పాలంటే ప్రతిసారీ జీసీసీ ముందు, క్లాంగ్ తరువాత. జీసీసీ పరీక్ష డేటాను మెమరీలోకి ఎక్కించి పెట్టింది, క్లాంగ్ వచ్చేసరికి అంతా సిద్ధంగా ఉంది. నిన్న ఒక్కో బిల్డును పదిసార్లు, వరుస మార్చి మార్చి నడిపాను. చిన్న ప్రశ్నల్లో తేడా చెప్పుకోదగ్గంతగా మిగలలేదు. అయితే నెలాఖరు మేత నివేదికలో, చెరువుల వారీగా ఏడాది వరుసలన్నీ కూడే చోట, క్లాంగ్ ఇంకా కొంచెం ముందే ఉంది. ఆ మాట మాత్రం నేను వదులుకోను.

కోటిపల్లి రేవు (అమలాపురం):

వదులుకోనవసరం లేదండి. కాని పోస్ట్‌గ్రెస్ చిన్న విడుదలలు మూడు నెలలకు ఒకసారైనా వస్తాయి. భద్రతా లోపాల సవరణలూ వాటిలోనే ఉంటాయి. ప్యాకేజీ అయితే ఒక్క కమాండుతో పని అయిపోతుంది. సొంత బిల్డు అయితే మీరు ఊళ్లో లేని వారం దానిని ఎవరు కట్టాలో, నివేదిక నెలకు ఒకసారే నడుస్తుంటే ఆ శ్రమ గిడుతుందో లేదో, మీ సంస్థ వారితో ముందే మాట్లాడుకోండి.