పళ్ళకి క్లిప్పులు వేసుకున్న పిల్లకి కాల్షియం మాత్రలు ఇవ్వాలా, వద్దా?

పటమట అమ్మ:
మా పాపకి పదిహేనేళ్ళు. క్లిప్పులు వేయించి ఏడు నెలలైంది, పళ్ళ మధ్య సందు ఇంకా అలాగే ఉంది. మెడికల్ షాపతను ఎముకకి బలమని కాల్షియం మాత్రలు ఇచ్చాడు. మా ఆడపడుచేమో "అవి వేస్తే ఎముక గట్టిపడిపోయి పళ్ళు అసలు జరగవు" అంటోంది. ఒకటే టెన్షన్.

బెంజి సర్కిల్ బాబాయ్:
మీ ఆడపడుచు చెప్పిందే కరెక్టు. కాల్షియం తక్కువ పెట్టిన కుక్కల్లో పళ్ళు త్వరగా జరిగాయని పరిశోధనలో తేలింది. మాత్రలు ఆపేయండమ్మా.

బ్రాడీపేట పళ్ళ డాక్టర్:
బాబాయ్ గారూ, సగమే చెప్పారు. ఆ కుక్కల్లో ఎముక గుల్లబారింది, అందుకే పన్ను తేలిగ్గా జరిగింది. ఎదిగే పిల్లకి మనం కోరుకోవాల్సింది అదా?

పన్ను ఎముకకి నేరుగా అతుక్కుని ఉండదు. మధ్యలో మిల్లీమీటరులో ఐదో వంతు మందాన ఒక పొర ఉంటుంది. వైరు నెట్టిన వైపు ఆస్టియోక్లాస్ట్ కణాలు ఎముకని కరిగిస్తాయి, వెనక వైపు ఆస్టియోబ్లాస్టులు కొత్తది కడతాయి. అంతా సవ్యంగా ఉంటే నెలకి ఒక మిల్లీమీటరు దాకా జరుగుతుంది. మింగిన కాల్షియం తిన్నగా దవడకి వెళ్ళి కూర్చోదు. రక్తంలో అది ఎంత ఉండాలో పారాథైరాయిడ్ గ్రంథులు చూసుకుంటాయి.

బెంజి సర్కిల్ బాబాయ్:
మరి విటమిన్ డి? అదీ ఎముకని గట్టిపరిచేదేగా?

బ్రాడీపేట పళ్ళ డాక్టర్:
పిల్లుల్లో పన్ను పక్కనే దాన్ని ఇంజెక్షన్ చేస్తే వేగం పెరిగింది! మీ లెక్క అక్కడే తప్పింది. అలాగని సాచెట్లు తాగించమనడం లేదు. లోపముందని రక్తపరీక్షలో తేలితేనే వాడాలి.

పటమట అమ్మ:
డాక్టర్ గారూ, అట్ట మీద 1250 అని ఉందండీ. డోసు ఎక్కువ కాదా?

బ్రాడీపేట పళ్ళ డాక్టర్:
వెనక్కి తిప్పి చూడండమ్మా. 1250 మి.గ్రా. అంటే కాల్షియం కార్బొనేట్, అందులో అసలు కాల్షియం 500. ఆ వయసుకి రోజుకి దాదాపు 1000 కావాలి. 100 గ్రాముల రాగుల్లోనే 350 దాకా ఉంటుంది. పాలు, పెరుగు, రాగిజావ సరిగ్గా తీసుకుంటుంటే మాత్ర అక్కర్లేదు. పాలు ముట్టని పిల్లైతే మీ డాక్టర్‌ని అడిగి ఇవ్వండి, దానివల్ల పళ్ళేం ఆగిపోవు.

వైరు బిగించిన రోజు నొప్పికి మాత్రం పారాసిటమాల్ చాలు. ఐబుప్రొఫెన్ లాంటివి రోజుల తరబడి వేస్తే పన్ను నెమ్మదించవచ్చు. ఇంతకీ పళ్ళని లాగడానికి క్లిప్పులకి తగిలించుకునే రబ్బర్లు ఇచ్చారా? రోజంతా పెట్టుకుంటోందా?

పటమట అమ్మ:
పెట్టుకుంటున్నానంటోందండీ. ఒక్క నిమిషం, చూసొస్తా.

పటమట అమ్మ:
స్కూల్ బ్యాగులో మూడు ప్యాకెట్లు దొరికాయి. ఒక్కటీ విప్పలేదు.