గాలపాగోస్ తాబేళ్లు: చిప్ప ఆకారం ఎందుకు మారుతుంది, పిల్లల్ని ఏ దీవిలోనైనా వదలొచ్చా?

(పచ్చగడ్డి, నాగజెముడు, పొదుగు: మాట్లాడుకునే ముగ్గురి మారుపేర్లు.)

పచ్చగడ్డి: పసిఫిక్‌లో ఈక్వెడార్‌కు చెందిన గాలపాగోస్ దీవుల తాబేళ్లలో కొన్నింటి చిప్ప బోర్లించిన గిన్నెలా, కొన్నింటిది గుర్రపు జీనులా ముందు పైకి లేచి ఉంటుంది. తిండి వల్లేనా? గుడ్లు పొదిగించి పిల్లల్ని ఖాళీగా ఉన్న దీవిలో వదిలేస్తే సరిపోదా?

నాగజెముడు: చాలావరకు తిండే. శాంతాక్రూజ్ దీవి ఎత్తుల్లో తడి, గడ్డి ఎక్కువ, తల దించి మేస్తే చాలు, గిన్నెలాంటి చిప్ప సరిపోతుంది. ఎస్పన్యోలా, పిన్సోన్ లాంటి పొడి దీవుల్లో నేలమీద మేత తక్కువ, నాగజెముడు మట్టల్ని అందుకోవాలి. చిప్ప ముందంచు లేచి ఉండబట్టే మెడ నిటారుగా చాచగలవు. మగవి తలపడినా అంతే, తల ఎత్తుగా పెట్టగలిగినదే గెలుస్తుంది.

పొదుగు: పొదిగించడంలో పొరపాటు జరిగేది గుడ్డు తీసేటప్పుడే. తీసే ముందే పైవైపు పెన్సిల్‌తో గుర్తు పెట్టి, అదే వైపు పైకి ఉంచి మోయాలి. పిండం పెంకు లోపలి పొరకు అంటుకుని పెరుగుతుంది, తిప్పితే చస్తుంది. కోడిగుడ్లను తిప్పే అలవాటు ఇక్కడ పనికిరాదు. దాదాపు 28 డిగ్రీల్లో మగవి, 29.5లో ఆడవి పుడతాయి. మంద త్వరగా పెరగాలంటే ఆడవే ఎక్కువ కావాలి. పిల్లల్ని నాలుగైదేళ్లు పెంచి వదులుతారు. అప్పటికి చిప్ప గట్టిపడి ఎలుకలు కొరకలేవు.

పచ్చగడ్డి: అయితే ఎలుకల్ని చంపేస్తే పెంచే పనే లేదుగా?

నాగజెముడు: పిన్సోన్‌లో అదే జరిగింది. 2012లో ఎలుకల్ని తుడిచిపెట్టారు, 2014 చివర్లో అక్కడే పొదిగిన పిల్లలు కనిపించాయి. కానీ అన్ని దీవులకూ ఈ ఒక్క చిట్కా చాలదు. ఎస్పన్యోలాలో మిగిలింది 14 తాబేళ్లు, వాటికీ, శాన్ డియాగో జూ నుంచి తెచ్చిన మరో మగదానికీ పుట్టిన సంతానమే ఇప్పుడు తిరుగుతోంది. మనుషులు తెచ్చిన మేకల్ని 1978కి తొలగించారు, కానీ అప్పటికే అవి మేసి నాగజెముడు తగ్గిపోయింది, ముళ్ల పొదలు కమ్ముకున్నాయి. పొదలు కొట్టి దారి చేయాలి, నాగజెముడు నాటాలి. అది చాలా నిదానంగా పెరుగుతుంది.

పొదుగు: ‘ఏ దీవిలోనైనా’ అన్నదానికి: కుదరదు. దీవిని బట్టి జాతి వేరు, కలిస్తే సంకరం. పింటా దీవిలో 2010లో వదిలిన 39 తాబేళ్లకు ముందే సంతానం కలగకుండా ఆపరేషన్ చేశారు. పొదల్ని అదుపులో పెట్టే పనికే అవి. వదిలే ముందు కొంతకాలం విడిగా ఉంచడం కూడా మరవద్దు. కడుపులో మిగిలిన వేరే దీవి గింజలు పేడతో బయటికి పోవాలి, లేదంటే కొత్తచోట కలుపు మొలిపించేది తాబేలే.