రౌద్రాచ్చ కరుణో రసః: కొట్లాట సినిమా చూస్తే కళ్లెందుకు చెమరుస్తాయి?

నిన్న ఇక్కడ ఒకరు మంచి ప్రశ్న వేశారు. కొన్ని మార్షల్ ఆర్ట్స్ సినిమాల్లో ఎముకలు విరిగే కొట్లాట ఉంటుంది, అయినా చూసి లేచేసరికి గుండె బరువెక్కుతుంది. ఇలాంటివాటిని తెలుగులో ఏమనాలి, వీరరస చిత్రాలనొచ్చా అని. కింద చాలామంది అనొచ్చన్నారు. నాకు ఆ మాట మింగుడు పడలేదు. రెండు ముక్కల్లో తేలేది కాదు కాబట్టి విడిగా రాస్తున్నాను.

భరతుడు రాసిన నాట్యశాస్త్రం ఆరో అధ్యాయంలోని ఈ శ్లోకం మీలో చాలామందికి తెలిసిందే:

శృంగారాద్ధి భవేద్ధాస్యో రౌద్రాచ్చ కరుణో రసః
వీరాచ్చైవాద్భుతోత్పత్తిర్బీభత్సాచ్చ భయానకః

శృంగారం నుంచి హాస్యం, రౌద్రం నుంచి కరుణం, వీరం నుంచి అద్భుతం, బీభత్సం నుంచి భయానకం పుడతాయి. ముందుగా ఒక మాట. ఇక్కడ కరుణ అంటే మనం రోజూ వాడే దయ, జాలి కాదు. దాని స్థాయీభావం, అంటే ఆ రసానికి మూలంగా నిలిచే భావం, శోకం. అలాగే రౌద్రానికి క్రోధం, వీరానికి ఉత్సాహం. ఈ ఒక్క తేడా పట్టుకుంటే నిన్నటి ప్రశ్న సగం తేలిపోతుంది.

ఇప్పుడు మూడో పాదం చూడండి. హీరో నడిచొస్తుంటే దుమ్ము లేచి, వాద్యాలు మోగి, హాలంతా ఈలలు వేయడాన్ని మనం ఎలివేషన్ అంటున్నాం. అది అచ్చంగా "వీరాచ్చైవాద్భుతోత్పత్తిః". వీరుణ్ణి చూసి నోరు తెరుస్తాం, అంతే. అక్కడ ఏడుపుకి చోటు లేదు, ఉండక్కర్లేదు కూడా. రక్తం, పేగులు చూపించి ఒళ్లు జలదరింపజేసే సినిమాలది నాలుగో పాదం. మనం మాట్లాడుకుంటున్న సినిమాలు ఈ రెండూ కావు. వాటిది రెండో పాదం, రౌద్రం నుంచి కరుణం.

ఒకే సినిమాలో వీరమూ రౌద్రమూ పక్కపక్కనే కనిపించే ఉదాహరణ కావాలంటే 2008లో వచ్చిన ఇప్ మాన్ చూడండి. డానీ యెన్ ప్రధాన పాత్ర. మొదటి సగంలో ఆయన వింగ్ చున్ అనే చైనా యుద్ధవిద్యకు గురువు, పెద్దమనిషి. కత్తి పట్టుకుని ఇంటిమీదికొచ్చినవాణ్ణి దుమ్ము దులిపే ఈకల కుంచెతో అడ్డుకుంటాడు. ఎంతవరకు కొట్టాలో ఆ చేతికి తెలుసు. ఇది వీరం. భరతుడు వీరాన్ని ఉత్తమ ప్రకృతికి, అంటే ఉన్నత స్వభావం గలవాళ్లకు, చెందిందని చెప్పింది ఇలాంటివాళ్లను దృష్టిలో పెట్టుకునే. తర్వాత ఆయన ఊరు ఫోషాన్ జపాన్ సైన్యం చేతిలో పడుతుంది. తోటి గురువును కళ్లముందే కాల్చి చంపుతారు. అప్పుడు పదిమంది కరాటే వీరులతో ఒకేసారి తలపడతానంటాడు. మనిషి అతడే, విద్య అదే. కానీ ఇప్పుడు పడిపోయినవాడి మీద కూడా గుద్దులు ఆగవు, కీళ్లు విరుగుతుంటాయి. చివర్న ఆ ముఖంలో గెలుపు కనబడదు. ఉత్సాహం పోయి క్రోధం వచ్చిందని చెప్పడానికి సినిమా ఒక్క మాట వాడలేదు, చెయ్యి కదిలిన తీరులోనే చెప్పేసింది. దీన్నీ ఈకల కుంచె ఘట్టాన్నీ కలిపి వీరరసం అనేస్తే సినిమా చేసిన పనంతా మన మాటలో మాయమైపోతుంది.

అసలు కీలకం ఆ వెంటనే వచ్చే శ్లోకంలో ఉంది: "రౌద్రస్యైవ చ యత్కర్మ స జ్ఞేయః కరుణో రసః". రౌద్రం చేసే పని ఏదుందో అదే కరుణం. "అదే" అన్నాడు, "ఆ తర్వాత" అనలేదు. ఒక ఫైటు, దాని వెనక ఒక ఏడుపు సీను అతికించమని దీని అర్థం కాదు. కోపంతో చేసిన పనే అవతలివైపు నుంచి చూస్తే శోకం. దెబ్బ ఒకటే, చూసే చోటు మారుతుంది.

దీనికి మన భారతాన్ని మించిన సాక్ష్యం లేదు. సభాపర్వంలో ద్రౌపదిని అవమానించిన దుశ్శాసనుణ్ణి చంపి, రాజు చూస్తుండగా యుద్ధంలో వాడి రొమ్ము రక్తం తాగుతానని భీముడు చేసే ప్రతిజ్ఞ, నన్నయ గారి పద్యం, ఎన్నిసార్లు చదువుకున్నామో:

కురువృద్ధుల్ గురువృద్ధబాంధవు లనేకుల్ సూచుచుండన్ మదో
ద్ధురుఁడై ద్రౌపది నిట్లు సేసిన ఖలున్ దుశ్శాసనున్ లోకభీ
కరలీలన్ వధియించి తద్విపులవక్షశ్శైలరక్తౌఘని
ర్ఝర ముర్వీపతి సూచుచుండ నని నాస్వాదింతు నుగ్రాకృతిన్

ఆ "ఆస్వాదింతు" దగ్గర కాసేపు ఆగండి. రసమంటే ఏమిటని అడిగి "ఆస్వాద్యత్వాత్" అని జవాబు చెప్పాడు భరతుడు, ఆస్వాదించదగింది గనక రసం అని. భీముడు ఆస్వాదిస్తానన్నది రక్తాన్ని. పద్యం చదివేవాడు ఆస్వాదించేది రౌద్రాన్ని. అదే క్రియ రెండుచోట్లా ఉంది! ప్రతిజ్ఞ వింటుంటే మన ఒళ్లూ పొంగుతుంది, ఆ క్షణంలో మనమూ భీముడి పక్కనే నిలబడి ఉంటాం.

అదే భీముడు యుద్ధం ముగిశాక, వ్యాసభారతం స్త్రీపర్వంలో, గాంధారి ముందు నిలబడతాడు. తమ్ముడి రక్తం తాగావా అని ఆ తల్లి నిలదీస్తుంది. భీముడి జవాబు: రక్తం నా పళ్లూ పెదవులూ దాటి లోపలికి పోలేదమ్మా, ఆ సంగతి యముడికి తెలుసు, చేతులు మాత్రం తడిశాయి. పరాయివాడి రక్తమే తాగకూడదు, సొంత రక్తం సంగతి చెప్పాలా అంటాడు. "యథైవాత్మా తథా భ్రాతా", తానెంతో తోడబుట్టినవాడూ అంతే, తేడా ఏమీ లేదంటాడు. సభలో ఖలుడైనవాడు ఇక్కడ భ్రాత అయ్యాడు. చేసిన పని మారలేదు, రక్తం మారలేదు. ఎవరి ముందు చెప్పుకోవాల్సి వచ్చిందో అది మారింది. నాట్యశాస్త్రం రౌద్రానికి రుద్రుణ్ణి, కరుణానికి యముణ్ణి అధిదేవతలుగా చెప్పింది. భీముడు ఇక్కడ సాక్షిగా పిలిచింది యముణ్ణే. చదివిన ప్రతిసారీ నాకు ఈ చోట గొంతు పట్టేస్తుంది.

ఇది మనసులో పెట్టుకుని 2011లో వచ్చిన వారియర్ చూడండి. అన్నదమ్ములిద్దరు, తాగుడుతో ఇల్లు చెడగొట్టిన తండ్రి. ఇద్దరూ వేర్వేరు దారుల్లో మిక్స్‌డ్ మార్షల్ ఆర్ట్స్ బరిలోకి దిగుతారు. చివరి పోటీ ఆ ఇద్దరి మధ్యే. మూడో రౌండులో తమ్ముడి భుజం జారిపోతుంది. ఒక చెయ్యి వేలాడుతున్నా వాడు ఓటమి ఒప్పుకోడు. అన్నకు కొట్టక తప్పదు, కొడుతూనే బతిమాలుతుంటాడు. ఆఖరికి వెనకనుంచి మెడ బిగించిన పట్టు దూరంనుంచి చూస్తే కౌగిలింతలాగే ఉంటుంది. చెవి దగ్గర నోరు పెట్టి క్షమాపణ అడుగుతాడు, ప్రేమిస్తున్నానంటాడు. అప్పుడు తమ్ముడి చెయ్యి తడుతుంది. ఆ పట్టులో రౌద్రం ఎక్కడ ఆగి కరుణం ఎక్కడ మొదలైందో గీత గీసి చూపించడం ఎవరి తరమూ కాదు. "యత్కర్మ" అంటే ఇదే.

కొరియా చిత్రం ఓల్డ్‌బాయ్‌లో (2003) నడవాలో సుత్తి పట్టుకుని జరిగే పోరాటం కూడా ఇదే కోవ. కెమెరా పక్కనుంచి చూస్తూ కదులుతుంది, మధ్యలో కోత లేదు. హీరో వీపులో కత్తి దిగి ఉంటుంది. కాసేపటికి కొట్టేవాడూ కొట్టించుకునేవాళ్లూ అందరూ అలిసిపోయి రొప్పుతుంటారు. ఆ రొప్పు వినిపించగానే మన కోపం చల్లారి వాళ్లమీద దిగులు పుడుతుంది.

అందుకే ఫ్లాష్‌బ్యాక్‌లో చెల్లెలి చావు, వర్తమానంలో గంటసేపు నరుకుడు పెట్టి "ఎమోషన్ కనెక్ట్ అయింది" అంటే నేను ఒప్పుకోను. అక్కడ శోకం రౌద్రానికి కారణం మాత్రమే అయింది. శ్లోకం చెప్పేది దానికి తలకిందులు: శోకం రౌద్రం నుంచి పుట్టాలి, మనవాడు కొట్టిన దెబ్బ నుంచే పుట్టాలి. చెల్లెలి కోసం ఏడ్చి, చచ్చిన నలభైమందిని లెక్కలోకి తీసుకోకపోతే అది కరుణం కాదు, పగకు అనుమతిపత్రం.

ఇది రాస్తుండగానే ఒక మిత్రుడు విడిగా సందేశం పెట్టి అడిగారు, అంత రక్తం చూపించడం మన సంప్రదాయానికి విరుద్ధం కాదా అని. రంగస్థలం వరకైతే ఆయన మాట నిజమే. అంకంలో యుద్ధాన్నీ మరణాన్నీ ప్రత్యక్షంగా చూపవద్దని, ప్రవేశకాల ద్వారా, అంటే అంకాల మధ్య జరిగింది చెప్పే చిన్న దృశ్యాల ద్వారా, తెలియజేయమని భరతుడే అన్నాడు. ఆయుధాలు పట్టి ఆడేచోట నిజంగా పొడవడం, కోయడం, రక్తం కారడం ఉండకూడదన్నాడు, సంజ్ఞతోనే సరిపెట్టమన్నాడు. అయితే అదే గ్రంథం ఆ సంజ్ఞ ఎలా ఉండాలో ఎంత శ్రద్ధగా చెప్పిందో కూడా చూడాలి. ఆయుధప్రయోగానికి భారతం, సాత్వతం, వార్షగణ్యం, కైశికం అని నాలుగు న్యాయాలు, అంటే పద్ధతులు, పెట్టింది. వేటు మొదటిదాంట్లో నడుముకి, రెండోదాంట్లో పాదానికి, మూడోదాంట్లో రొమ్ముకి, నాలుగోదాంట్లో తలకి. ఈరోజు ఫైట్ మాస్టర్ చేసే పని ఇదే. ఇండొనేషియా చిత్రం ది రెయిడ్ (2011) ఎంత క్రూరంగా కనిపించినా, అందులోని పెంచాక్ సిలాట్ (అక్కడి యుద్ధవిద్య) పోరాటాలు అడుగు అడుగూ కూర్చినవి. దెబ్బ తగిలినట్టుండాలి, తగలకూడదు. కాబట్టి తెరమీద రక్తం ఉందా లేదా అన్నది నాకు రెండో ప్రశ్న. ఆ రక్తం ఎవరిదో సినిమాకి గుర్తుందా అన్నది మొదటిది.

ఇక పేరు. రౌద్రకరుణ చిత్రం అనండి, సమాసం కుదురుతుంది, అర్థం తప్పదు. పత్రికలో రాసేటప్పుడు బరువుగా ఉందనుకునేవాళ్లకు మన వాడుకభాషలోనే దారి ఉంది. దెబ్బ అన్న మాట చూడండి. "దెబ్బ కొట్టాడు" అంటే కొట్టినవాడిది. "దెబ్బ తగిలింది" అంటే పడినవాడిది. "దెబ్బ ఇంకా మానలేదు" అంటే గాయమే. చేసిన పనికీ, మిగిలిన నొప్పికీ ఒకటే మాట. పోటు కూడా అంతే: కత్తిపోటు ఒకడు పొడిచేది, తలపోటు, గుండెపోటు మనం పడేవి. గాయం అలా కాదు, అది పడ్డవాడి దగ్గరే ఉండిపోతుంది. నాకైతే వీటిని "దెబ్బ తెలిసిన సినిమాలు" అనాలనిపిస్తుంది.

స్త్రీపర్వంలో భీముడు గాంధారికి చెప్పుకునే ఘట్టం తిక్కన గారి చేతిలో ఎలా సాగిందో పద్యాలతో సహా పెట్టుకుందాం. పుస్తకం దగ్గరున్నవాళ్లు ఆ పద్యాలు కింద ఎక్కించండి. "భ్రాతా" దగ్గర ఆయన ఏ తెలుగు మాట వాడారో దానిమీద ప్రత్యేకంగా మాట్లాడుకోవాలి.