‘చిప్పు పెట్టించుకున్నాడు’ అంటే ఇష్టపడి పెట్టించుకున్నట్టేనా?

ప్రశ్న: శరీరంలో పెట్టే మైక్రోచిప్పులపై అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రం 2006లో చట్టం చేసింది. చిప్పును ఎవరూ ఎవరికీ తప్పనిసరి చేయకూడదని దాని సారం. మీరితే 10,000 డాలర్ల దాకా జరిమానా, మీరిన ప్రతి రోజూ వేరే తప్పు కిందే లెక్క. దీన్ని ‘బలవంతంగా చిప్ అమర్చరాదు’ అని తెలుగు చేస్తే సరిపోతుందా?

జవాబు 1: సరిపోదండీ. ఆ వాక్యం ప్రకారం చెయ్యి పట్టుకుని సూది గుచ్చితేనే తప్పు. ‘చిప్ ఉంటేనే ఉద్యోగం’ అన్న షరతు తప్పించుకుపోతుంది. ‘చిప్ పెట్టించుకోవాలని ఎవరూ ఎవరికీ షరతు పెట్టరాదు’ అనండి. ‘అమర్చబడింది’ అసలు వద్దు, చేసినవాళ్ళెవరో తెలియకుండా పోతుంది. డాక్టరు పెట్టాడు, కంపెనీ పెట్టించింది, ఉద్యోగి పెట్టించుకున్నాడు: మూడు క్రియలు, ముగ్గురు కర్తలు.

జవాబు 2: ఒక్క జాగ్రత్త. ‘పెట్టించుకున్నాడు’లోని ‘కొను’ ఆత్మార్థకమే, అంటే పని ఫలితం చేసినవాడికే చెందుతుందని చెబుతుంది గానీ ఇష్టాన్ని చెప్పదు. ‘కాలు విరగ్గొట్టుకున్నాడు’, ‘చెయ్యి కాల్చుకుంది’ అంటాం, కోరి చేసుకున్నారనా? ‘ఉద్యోగం పోతుందని పెట్టించుకున్నాడు’ అన్న వాక్యంలో వ్యాకరణ దోషం లేదు, సమ్మతీ లేదు. కాబట్టి ‘స్వచ్ఛందంగా’, ‘సమ్మతితో’ వంటి మాట విడిగా రాయాల్సిందే.

బలవంతం, షరతు ఒకటి కావని మన సుప్రీంకోర్టు 2022 మే 2న ఇచ్చిన కోవిడ్ టీకాల తీర్పులోనూ కనిపిస్తుంది. రాజ్యాంగం 21వ అధికరణం కింద శరీర సమగ్రతకు, అంటే తన ఒంటి మీద తనకుండే హక్కుకు, రక్షణ ఉంది కనుక టీకా వేయించుకోమని ఎవరినీ బలవంతపెట్టరాదంది. ప్రజారోగ్యం కోసం తగిన మేరకు ఆంక్షలు పెట్టవచ్చని కూడా అదే తీర్పు అంది. ఈ రెంటినీ ‘ఒత్తిడి’ అన్న ఒకే మాటలో కలిపేస్తే తీర్పే మారిపోతుంది.

ప్రశ్న అడిగినవారు: క్రియ సంగతి? అమర్చు, చొప్పించు, వేయు?

జవాబు 1: వాడుక చూడండి. స్టెంటు వేస్తారు, రాడ్డు వేస్తారు, పేస్‌మేకర్ పెడతారు, పళ్ళు కడతారు. ఈ చిప్పు సాధారణంగా 2 మిల్లీమీటర్ల మందం, 12 మిల్లీమీటర్ల పొడవున్న గాజు గొట్టం. లావాటి సూదితో బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య చర్మం కిందికి దూరుస్తారు. ‘పెట్టు’ చాలు. ‘చిప్ పనిచేయలేదు’ అని కూడా తొందరపడి రాయకండి. దానికి బ్యాటరీ ఉండదు, రీడరు (చిప్పును చదివే పరికరం) అయస్కాంత క్షేత్రం నుంచే దానికి కరెంటు. లోపలి తీగచుట్ట మరీ చిన్నది, చెయ్యి కాస్త పక్కకు తిరిగినా రీడరుకు అందదు. ‘అందలేదు’ అన్నదే సరైన మాట.

‘ఎప్పుడైనా తీయించుకోవచ్చు’ అని రాసేముందు ఏ రకమో కనుక్కోండి. జంతువులకు వేసే కొన్ని చిప్పులకు, కదిలిపోకుండా, కండకు పట్టుకునే పూత ఉంటుంది. ఆ పూత ఉంటే తీయడం కష్టం. పెట్టించుకునే హక్కు ఎంతో తీయించుకునే హక్కూ అంతే, ఆ వివరం వదలకూడదు.

జవాబు 3: పసిపిల్లల విషయంలో ‘పాప కాక్లియర్ ఇంప్లాంట్ (వినికిడి కోసం ఆపరేషన్ చేసి పెట్టే పరికరం) చేయించుకుంది’ అని రాయకండి. తల్లిదండ్రులు చేయించారు, నిర్ణయం వాళ్ళది. చర్మం కింద ఉండే భాగాన్ని తీయడం పాప చేతిలో లేదు. చెవి వెనక ప్రాసెసర్, అయస్కాంతంతో తలకు అంటుకునే బిళ్ళ మాత్రం బయటివి. కాస్త పెద్దయ్యాక వాటిని తనే పెట్టుకుంటుంది, తనే తీసేస్తుంది. ఆ వాక్యాల్లో కర్త పాపే.

ప్రశ్న అడిగినవారు: ఇలా మారుస్తున్నాం: ‘శరీరంలో మైక్రోచిప్ పెట్టించుకోవాలని ఏ వ్యక్తీ మరొకరికి షరతు పెట్టరాదు.’

జవాబు 2: ‘ఏ వ్యక్తి గానీ, సంస్థ గానీ’ అనండి. చట్టభాషలో వ్యక్తి అంటే కంపెనీ కూడా వస్తుంది, మామూలు పాఠకుడికి అది తట్టదు.