ఈ కీన్ కట్టర్ చిత్రిక ఏ కాలం నాటిదో చెప్పగలరా?

సెయింట్ లూయిస్‌లో మా పక్కింటి పెద్దాయన వడ్రంగం మానేస్తూ తన ఇనుప చిత్రిక నాకిచ్చారు. బ్లేడు మీద అరిగిన అక్షరాల్లో "కీన్ కట్టర్", దానితోపాటు "ఇ.సి. సిమన్స్" అని ఉంది. కీన్ కట్టర్ అనేది సిమన్స్ హార్డ్‌వేర్ కంపెనీ పనిముట్ల బ్రాండు. ఆ కంపెనీ ఈ ఊరిదే. "ధర మరిచిపోయాక కూడా నాణ్యత గుర్తుంటుంది" అన్నది వాళ్ల నినాదం. ఈ చిత్రిక పట్టి చూస్తే ఆ మాట నిజమే అనిపిస్తుంది. తుపాకుల కంపెనీ వించెస్టర్ సొంత పేరుతో హార్డ్‌వేర్ దుకాణాలు నడిపిన రోజుల్లో, 1922లో, సిమన్స్ దానితో కలిసింది. 1929లో విడిపోయింది. 1940లో ఇక్కడి షాప్లీ కంపెనీ చేతికి వెళ్లింది. కీన్ కట్టర్ పేరు మాత్రం ఆ తర్వాతా కొనసాగింది.

సిమన్స్ పేరుంది కాబట్టి ఇది 1940కి ముందుదే అనుకోవచ్చా? వించెస్టర్‌తో కలిసున్న ఏళ్లలో ముద్ర ఏమైనా మారిందా? సిమన్స్ ప్రధానంగా టోకు వ్యాపారి కదా, దీన్ని అసలు పోతపోసిన ఫ్యాక్టరీ ఏదో దేన్నిబట్టి పోల్చుకోవాలి?

ఇంకొకటి, నాకు అన్నిటికన్నా ముఖ్యమైనది. బ్లేడుకు తుప్పు పట్టింది. గరుకు కాగితంతో రుద్దితే ముద్ర పోతుందని భయం. వెనిగర్‌లో నానబెట్టినా అక్షరాలు దెబ్బతింటాయా? పాత పనిముట్లు బాగుచేసిన అనుభవం ఉన్నవాళ్లు దయచేసి చెప్పండి. పెద్దాయన ఉండగానే దీంతో ఒక పీట చేసి ఆయనకు చూపించాలని ఉంది.